కంబళమ్మ లేచి వెళ్లిన సభ

అనగనగా, నల్లరాతి కొండల వెనకాల, మీరూ నేనూ ఎప్పుడూ చూడని ఒక అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది. ఒళ్లంతా గుబురు బొచ్చు. మండుటెండలో కూడా కంబళి కప్పుకున్నట్టే కనిపించేది. అందుకని అందరూ కంబళమ్మ అని పిలిచేవారు.

కంబళమ్మ వైద్యురాలు. ఏ ఆకు ఏ నొప్పికి పనిచేస్తుందో, ఏ వేరు ఏ జ్వరాన్ని దించుతుందో ఆమెకి తెలుసు. ఆమెకి ఒక్కతే కూతురు. పేరు ఇప్ప. ఇప్పపూలు రాలే రోజుల్లో గుహలోంచి మొదటిసారి బయటికి తొంగి చూసిందని ఆ పేరు పెట్టుకుంది.

ఆ అడవిలో ఎవరు పడితే వాళ్లు మందు ఇవ్వడానికి వీల్లేదు. ఎందుకో చెబుతాను వినండి. చాలా ఏళ్ల కిందట ఒక నక్క తానూ వైద్యుణ్ణేనని చెప్పుకుని తిరిగింది. "మావాడేనండీ, వాడికి తెలియని మందు లేదు" అని దాని మేనమామ ఊరూవాడా చెప్పాడు. అందరూ నమ్మారు. దగ్గుకని అది ఇచ్చిన ఆకు విషపుటాకు. మూడు జింక పిల్లలు ఆ ఆకు తిని పడుకుని మళ్లీ లేవలేదు.

అప్పుడు జంతువులన్నీ కూడి, ఏడ్చి, ఒక మందుల మండలి పెట్టుకున్నాయి. మండలిలో ఏడుగురు. కొత్తగా ఎవరైనా వైద్యం చేయాలంటే ఆ ఏడుగురి ముందు నిలబడి జవాబులు చెప్పాలి. వాళ్లు సరేనంటేనే ఇతరులకి మందు ఇవ్వాలి.

మండలికి పెద్ద గుమ్మడమ్మ అనే ముసలి ఏనుగు. అందరికీ అవ్వ. చురకయ్య అనే ముంగిస కూడా వైద్యుడే; సభ రోజు గుర్తుచేసి, వచ్చినవాళ్లని లెక్కపెట్టేవాడు. ఇంక కంబళమ్మ, ఒక కొండముచ్చు, ఒక ముళ్లపంది, ఒక దుప్పి, ఒక నెమలి. పౌర్ణమి మర్నాడు పొద్దున్నే వెలగచెట్టు కింద సభ జరిగేది.

ప్రతి సభలోనూ ముందుగా అవ్వ తొండం ఎత్తి నియమాలు చెప్పేది.

"అయిదుగురు కూర్చుంటేనే సభ. నలుగురైతే ఇళ్లకి వెళ్లిపోవాలి. కబురు పంపకుండా వరసగా మూడు సభలు మానేస్తే మండలిలో చోటు పోతుంది. మన సొంతవాళ్ల సంగతి వచ్చినప్పుడు మనం లేచి ఆ గుట్ట అవతలికి వెళ్లాలి. ఇక్కడి మాట వినపడనంత దూరం వెళ్లాలి."

అందరూ తలలు ఊపేవారు. ప్రతిసారీ వినే మాటలే కదా!

ఇప్ప మూడేళ్లు అమ్మ వెంట తిరిగి మందులు నేర్చుకుంది. ఏటి అవతల ఉన్న ముసలి వైద్యుడు కొంగ ఆ ఏడాదే కన్ను మూశాడు. అవతలి ఒడ్డున మందు ఇచ్చేవాళ్లు లేరు. వానలు మొదలయ్యాయి. అక్కడి పిల్లలకి జ్వరాలూ మొదలయ్యాయి.

"నన్ను మండలి ఒప్పుకుంటే అక్కడే ఉండి చూసుకుంటానమ్మా" అంది ఇప్ప.

"అడుగు తల్లీ" అంది కంబళమ్మ.

ఆ నెల సభకి దుప్పి రాలేదు. దాని కొమ్ములు రాలిపోయాయి. కొత్తవి వచ్చేదాకా నలుగురిలోకి రావడం దానికి సిగ్గు. నెమలీ రాలేదు. ఆకాశం నిండా మబ్బులు. మబ్బు కనపడితే నెమలికి ఆడకుండా ఉండటం చేతకాదు.

"అయిదుగురం ఉన్నాం. సభ సాగించవచ్చు" అన్నాడు చురకయ్య లెక్కపెట్టి.

"మొదటి సంగతి, కంబళమ్మ కూతురు ఇప్ప" అంది అవ్వ.

కంబళమ్మ లేచింది.

"కూర్చో వదినా!" అన్నాడు కొండముచ్చు. "నువ్వు వెళితే నలుగురమే. సభ ఆగిపోతుంది."

"మళ్లీ పౌర్ణమి దాకా ఆగాలి" అంది ముళ్లపంది. "ఏమీ మాట్లాడకుండా ఊరికే కూర్చో. ఎవరికి నష్టం?"

కంబళమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ చెవులు విసరడం మానేసింది.

"అవతలి ఒడ్డున పిల్లలు జ్వరంతో ఉన్నారు. ఇవాళే తేలిపోతే బాగుండునని నాకూ ఉంది" అంది అవ్వ మెల్లగా. "కానీ నియమం అది. ఏం చేస్తావమ్మా?"

కంబళమ్మ చెట్టు పక్కన నిలబడ్డ కూతుర్ని చూసింది. ఇప్ప కళ్లు ఉండమని బతిమాలుతున్నాయి. కంబళమ్మ తల తిప్పుకుని గుట్ట వైపు నడిచింది.

సభ ఆగిపోయింది.

దారిలో ఇప్ప ఏడ్చేసింది. "నేను వేరే ఎవరి కూతుర్నో అయ్యుంటే ఈపాటికి మందులు ఇస్తూ ఉండేదాన్ని! నీకు నామీద నమ్మకం లేదు కదూ?"

ఆ మాట కంబళమ్మకి గుచ్చుకుంది.  కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"ఇప్పా, నువ్వు మొదటిసారి మాట్లాడినప్పుడు తేనెని 'తేతే' అన్నావు. అది తప్పని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. నువ్వు తప్పు చెప్పినా నా చెవికి ముద్దుగానే వినపడుతుంది. అలాంటి చెవులతో నేను అక్కడ ఎలా కూర్చోగలనమ్మా? నీ మందు తాగేది నేను కాదు. ఎవరి పిల్లలో."

ఇప్ప కళ్లు తుడుచుకుంది. కానీ మూతి మాత్రం ముడుచుకునే ఉంది.

మరి అవతలి ఒడ్డు పిల్లల మాటేమిటి? వాళ్లని కంబళమ్మే చూసింది. రోజూ పొద్దున్నే మందుల ఆకులు వీపున కట్టుకుని ఏరు ఈదేది. సాయంత్రానికి ఈదుకుంటూ తిరిగొచ్చేది. ఒళ్లంతా నీళ్లు. ఆమె మోకాలు అసలే మంచిది కాదు.

"నేనూ వస్తానమ్మా, ఆకులైనా మోస్తాను" అనేది ఇప్ప.

"మోయి. ఇవ్వకు" అనేది కంబళమ్మ.

రెండో నెల సభ వచ్చింది. ఈసారి దుప్పి వచ్చింది. నుదుటి మీద చిన్న మొలకల్లా రెండు కొమ్ములు. ఎవరూ నవ్వలేదు. కానీ ముళ్లపందికి పిల్లలు పుట్టారు, రాలేనని కబురు పంపింది. నెమలి మళ్లీ రాలేదు. కబురూ లేదు.

మళ్లీ అయిదుగురే. మళ్లీ కంబళమ్మ లేచింది.

కొండముచ్చుకి కోపం వచ్చింది. "గుట్ట అవతలే కదా ఉంటుంది! ఉన్నట్టే లెక్కపెట్టు చురకయ్యా!"

చురకయ్య అవ్వ మొహం చూశాడు.

"లేనివాళ్లని ఉన్నట్టు రాసుకుంటే, రేపు లేని మాటల్ని కూడా అన్నట్టు రాసుకుంటాం" అంది అవ్వ. "సభ లేదు. ఇళ్లకి వెళ్లండి."

ఆ నెల ఏరు బాగా పొంగింది. అయినా కంబళమ్మ మానలేదు. ఒకరోజు సాయంత్రం ఒడ్డుకి రాగానే కూలబడిపోయింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఇప్ప తల్లిని మెల్లగా గుహకి నడిపించింది.

ఏ ఆకు తేవాలో ఇప్పకి తెలుసు. ఆ ఆకు గుహ ముందే ఉంది. ఆమె చెయ్యి చాపింది. మళ్లీ వెనక్కి తీసుకుంది. పరుగున వెళ్లి చురకయ్యని పిలుచుకొచ్చింది.

"మావయ్యా, అమ్మకి మందు ఇయ్యి" అంది.

చురకయ్య మందు ఇచ్చాడు.  తరవాత నెమలి దగ్గరికి వెళ్లాడు.

"ఎల్లుండి సభ. ఇది మూడోది. రాకపోతే నీ చోటు పోతుంది. చెప్పడం నా పని" అన్నాడు. "ఇంకో మాట కూడా చెబుతాను. ఇది నా పని కాదు. నువ్వు రెండుసార్లు రాలేదు. అందుకని కంబళమ్మ రెండు నెలలు ఏరు ఈదింది. ఇప్పుడు లేవలేక పడుకుంది."

నెమలి రెక్కలు వాలిపోయాయి. "నేనొక్కదాన్ని లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను" అంది.

మూడో సభకి ఆరుగురు వచ్చారు. ముళ్లపంది పిల్లల్ని చెల్లెలికి అప్పగించి వచ్చింది. నెమలి అందరికంటే ముందు వచ్చింది. ఆ రోజూ మబ్బు పట్టింది. నెమలి పైకి చూడలేదు. ఒంట్లో బాగాలేదని కంబళమ్మ కబురు పంపింది.

ఇప్ప మధ్యలో నిలబడింది. 

"ముల్లు దిగి చీము పట్టిన కాలికి ఏం చేస్తావు?" అని అవ్వ అడిగింది.

"ముందు ముల్లు తీస్తాను. కడుగుతాను. వావిలాకు వెచ్చచేసి కడతాను."

"నేలవేము చేదు. చిన్నపిల్లలు ఉమ్మేస్తారు. ఎలా తాగిస్తావు?" అని నెమలి అడిగింది.

"తేనెలో కలుపుతాను" అంది ఇప్ప. కాస్త ఆగి, "ఆ తేనె నేను తాగేయకుండా" అంది. అందరూ నవ్వారు.

అప్పుడు చురకయ్య ముందుకు వచ్చాడు. "పాము కాటుకి వాడే వేరు, పాలిచ్చే తల్లికి ఎంత ఇవ్వాలి?"

ఇప్ప ఆలోచించింది. 

"తెలియదు" అంది. "ఊహించి ఇవ్వను. నిన్ను పిలుస్తాను."

ఆమెని బయటికి పంపి ఆరుగురూ మాట్లాడుకున్నారు.

"తెలియనప్పుడు ఇంకో ఏడాది నేర్చుకోనివ్వండి" అన్నారు ముళ్లపంది, దుప్పి, నెమలి.

"ఇప్పుడే ఒప్పుకుందాం" అన్నారు కొండముచ్చు, చురకయ్య, అవ్వ.

ముగ్గురూ ముగ్గురూ సరిసమానం. అలాంటప్పుడు మండలి పెద్దకి ఇంకో మాట ఉంటుంది. అవ్వ కళ్లు మూసుకుంది. తొండం కొసతో నేల మీద గీతలు గీసింది.

"ఒప్పుకుంటున్నాను" అంది చివరికి. "కానీ పాము కాటు మాత్రం ఏడాది దాకా తను ముట్టకూడదు. చురకయ్యని పిలవాలి."

వద్దన్న ముగ్గురూ కూడా అది న్యాయంగానే ఉందన్నారు. ఇప్పని తిరిగి పిలిచి, ఎవరేమన్నారో అవ్వ దాచకుండా చెప్పింది.

"తరవాతి సంగతి, కొండముచ్చు తమ్ముడి కొడుకు" అంది అవ్వ. ఎవరూ చెప్పకుండానే కొండముచ్చు లేచాడు. గుట్ట అవతలికి వెళ్లిపోయాడు.

ఇప్ప ఇంటికి బయలుదేరేలోపే ఒక తాబేలు కబురు తెచ్చింది. అవతలి ఒడ్డున కుందేలు పిల్లకి జ్వరం, కళ్లు తెరవడం లేదు. ఇప్ప అటునుంచి అటే ఏట్లో దూకింది.

కుందేలు తల్లి పిల్లని పొట్టకింద దాచుకుని కూర్చుంది. ఇప్పని చూసి ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"నువ్వు కంబళమ్మ కూతురివి కదూ? ఆవిడ మంచిదే. కానీ మీ అమ్మే మండలిలో ఉంది. నిన్ను ఎలా ఒప్పుకున్నారో నాకేం తెలుసు? ఇది నాకు మిగిలిన ఒక్క పిల్ల."

"అమ్మ మొదటి సభలో లేచి వెళ్లిపోయింది. రెండో సభలోనూ లేచి వెళ్లిపోయింది. ఇవాళ అసలు రాలేదు" అంది ఇప్ప. "మిగతా ఆరుగురూ అడిగారు. ముగ్గురు సరేనన్నారు. ముగ్గురు వద్దన్నారు. అవ్వ ఇంకో మాట వేసింది. పాము కాటుకి మాత్రం నేను మందు ఇవ్వకూడదు."

కుందేలు ఆమె మొహంలోకి చూసింది. "వద్దన్నవాళ్ల సంగతి కూడా చెప్పావే!" అంది. పొట్టకింద నుంచి పిల్లని తీసి ఇప్ప చేతుల్లో పెట్టింది.

ఇప్ప నేలవేము నూరింది. తేనె కలిపింది. బొట్టు బొట్టుగా తాగించింది. తడి గుడ్డలా చల్లగా ఉన్న అరిటాకు మీద పడుకోబెట్టింది. పొద్దు వాలేసరికి పిల్ల కళ్లు తెరిచి, మూతి చప్పరించి, ఇంకొంచెం తేనె కావాలని ఏడ్చింది. కుందేలు తల్లి కూడా ఏడ్చింది.

ఇప్ప గుహకి తిరిగొచ్చేసరికి చురకయ్య కంబళమ్మకి సాయంత్రం మందు నూరబోతున్నాడు. కంబళమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

"నువ్వు ఇంటికి వెళ్లు చురకయ్యా. నా వైద్యురాలు వచ్చింది" అంది.

ఇప్ప తల్లి నుదురు పట్టుకు చూసింది. మోకాలు నొక్కి చూసింది. బయటికి వెళ్లి ఆకు కోసుకొచ్చింది. నూరి, కాచి, చల్లార్చి, దొప్పలో పోసి తెచ్చింది.

అడవిలో ఎవరు ఏ మందు ఇచ్చినా, అది ఏ ఆకు, ఎంత వేశారు, ఎంతసేపు కాచారు అని ముప్పై ప్రశ్నలు వేసే కంబళమ్మ ఆ రోజు ఒక్క ప్రశ్నా వేయలేదు. దొప్ప అందుకుని గటగటా తాగేసింది. చేదుకి మొహం మాత్రం ముడుచుకుంది. తరవాత కూతురి ఒళ్లో తల పెట్టుకుని, రెండు నెలల తరవాత మొదటిసారి హాయిగా నిద్రపోయింది.

నీతి: మనవాళ్ల మేలు కోరితే, వాళ్ల గురించి తీర్పు చెప్పే చోటు నుంచి మనం లేచి వెళ్లాలి. అప్పుడే వాళ్లని లోకం మనసారా నమ్ముతుంది.