అడుగంటిన గంజి

ఒరేయ్ రుత్విక్, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టి నా ప్రశ్నకి జవాబు చెప్పు. కథ చదవడం అయ్యాక దాని కింద ఏదో రాస్తుంటావు కదా, అది ఎవరు చదువుతారు?

"ఎవరో ఒకరు చదువుతారులే అమ్మమ్మా."

"తొంభై మందికి నచ్చింది," అంది పక్కనుంచి హారతి. "ఎవరో ఏదో అడిగితే వీడు వెటకారంగా రాశాడు."

ఏమడిగారేమిటి?

"హీరో గుర్రం ఏమైందని. రెండు వందల భాగాల నుంచీ కనబడలేదట," నవ్వాడు రుత్విక్. "గుర్రం కోసం ఎవరైనా బెంగపడతారా?"

సరే, ఇద్దరూ ఇలా దగ్గరికి జరగండి. మీరు చదివే ఆ చైనా కథలు రాసేవాళ్ళలో ఒకడి సంగతి చెప్తాను. అర్థంకాకపోతే మధ్యలో ఆపి అడగండి, ఏమీ అనుకోను.

అతని పేరు లియాంగ్. అతనికి వచ్చిన కష్టం ఏమిటంటే, తొమ్మిది రోజులుగా ఒక్క వాక్యం కూడా రాయలేకపోతున్నాడు. రోజుకో భాగం తప్పకుండా రాసే మనిషి. జ్వరమొచ్చినా ఆపనివాడు. పొద్దున్నే కూర్చుంటాడు, ఫోను తీసి పాత భాగాల కింద దేనికోసమో వెతుకుతాడు, మళ్ళీ మూసేస్తాడు.

పదో రోజు పొద్దున్న లేచి గురువు దగ్గరికి వెళ్ళాడు.

గురువు పేరు షెన్. నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, టీ దుకాణంలో కూర్చుని కథలు చెప్పే పెద్దాయన. మన దగ్గర హరిదాసుకి చిడతలు ఎలాగో, అక్కడ కథ చెప్పేవాడికి ఒక చిన్న చెక్కముక్క అలాగ. దాన్ని బల్ల మీద టప్పున కొడితే కథ మొదలైనట్టు. కథ మంచి పట్టులో ఉండగా మళ్ళీ కొడితే ఆ పూటకి అయిపోయినట్టు. మిగతాది రేపొచ్చి వినాల్సిందే. ఎక్కడ కొట్టాలో తెలియడమే ఆ విద్యలో సగం.

లియాంగ్ ఆయన దగ్గర ఆరేళ్ళు నేర్చుకున్నాడు. టీ దుకాణానికి జనం రావడం తగ్గిపోయాక, ఫోన్లలో చదువుకునే కథ మొదలుపెట్టాడు. మొదట్లో మూడు నెలల పాటు అతనికి ముగ్గురే పాఠకులు. ఒకరు వాళ్ళన్నయ్య. ఇంకొకరు వేరే పేరు పెట్టుకున్న లియాంగే. మూడో మనిషి ఎవరో అతనికి తెలియదు. "గుమ్మడిపాదు" అని పేరు పెట్టుకుంది. రోజూ భాగం కింద "చదివాను" అని రాసేది. ఒక్కోసారి ఇంకో ముక్క కలిపేది. "చదివాను. ఇవాళ చలిగా ఉంది, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని రాయండి." అంతే. కథ బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు.

ఇప్పుడు అతనికి లక్షల మంది పాఠకులు.

లియాంగ్ వెళ్ళేసరికి, దుకాణం వెనక గదిలో పొయ్యి మీద గంజికి బియ్యం పెట్టి, షెన్ గురువు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. శిష్యుణ్ణి చూసి స్టూలు జరిపాడు.

"నీ మొన్నటి భాగాన్ని పదకొండు వేల మంది మెచ్చుకున్నారటగా. ఇంక ఈ ముసలాడితో ఏం పని పడింది?"

"మీకెవరు చెప్పారు?"

"టీ పోసే అబ్బాయి మొదలుకుని పడవ నడిపేవాడి దాకా అందరూ అదే చదువుతున్నారు. ఎవరో ఒకరు చెప్తారు. కూర్చో."

లియాంగ్ కూర్చుని జరిగింది చెప్పాడు.

అతని కథలో నాయకుడు రోంగ్ అనేవాడు. చిన్నప్పుడే పాంగ్ వంశంవాళ్ళు వాడి తల్లిదండ్రులని చంపేశారు. వాడు తిండికి మాడి, కొండల్లో తపస్సు చేసి, బలం సంపాదించి తిరిగొచ్చి పగ తీర్చుకోవాలి. పాఠకులు ఏడాదిన్నర పైగా ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నారు. ఆరు వందల పదకొండో భాగంలో ఆ రోజు రానే వచ్చింది. రోంగ్ పాంగ్‌వాళ్ళ ఇంట్లో జొరబడ్డాడు. మూడు వందల మంది ఉన్న ఇల్లు. ఒక్క ప్రాణి మిగల్లేదు.

కింద పండగ చేసుకున్నారు జనం. "పాపం పండింది." "వేళ్ళతో సహా పీకేశాడు, మా రోంగ్ అంటే రోంగే." "మూడుసార్లు చదివాను, ఇంకా ఆకలి తీరలేదు."

ఆ సందడి మధ్యలో గుమ్మడిపాదు అడిగిన ప్రశ్న ఒకటి ఉంది.

"చదివాను. చిన్నప్పుడు రోంగ్ ఆకలితో తిరుగుతుంటే ఒక ఇంటి వెనక గుమ్మం దగ్గర వంట చేసే ముసలమ్మ గంజి పోసింది, నలభయ్యో భాగంలో. అది పాంగ్‌వాళ్ళ ఇల్లే కదా. ఆవిడ కూడా పోయిందా?"

"నేను మర్చిపోయాను గురువుగారూ," అన్నాడు లియాంగ్. "ఆరు వందల భాగాలు రాసినవాడికి నలభయ్యోదాంట్లో నాలుగు వాక్యాలు ఎలా గుర్తుంటాయి? మర్చిపోయానని అంతమంది ముందు చెప్పడానికి నామోషీ అనిపించింది."

"అందుకని?"

"ఒక మాట రాశాను."

"ఏమని?"

లియాంగ్ తల వంచుకుని చెప్పాడు. "గంజి ముసలమ్మ కోసం ఏడ్చేవాళ్ళు ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుని వరసలో నిలబడండి, అని."

రాసినవాడే నవ్వాక ఇంక చదివేవాళ్ళు ఊరుకుంటారా? ఒకడు గిన్నె బొమ్మ పెట్టాడు. ఇంకొకడు గరిటె పెట్టాడు. "నాకు కాస్త ఉప్పు ఎక్కువ" అన్నాడొకడు. "వరసలో తొయ్యకండి" అన్నాడింకొకడు. సాయంత్రానికి నాలుగు వేల నవ్వులు. మర్నాడు చూస్తే ఆ ప్రశ్న లేదు. ఆవిడే చెరిపేసుకుంది. ఆ రోజు భాగం కింద "చదివాను" రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. మూడో రోజు నుంచి రాయడానికి అతనికే చెయ్యి సాగలేదు.

"నా తప్పంటారా?" అన్నాడు. గొంతులో ఇంకా కొంచెం వాదన మిగిలే ఉంది. "పగ కథ అది. వంటావిణ్ణి చూసుకుంటూ కూర్చుంటే కత్తి ముందుకి సాగదు. మీరే చెప్పండి, నేను ఆ మనిషిని ఒక్కదాన్ని బతికించి ఉంటే కథ చప్పబడదా?"

గురువు లేచి, చిలక్కొయ్యకి వేలాడుతున్న సంచిలోంచి చెక్కముక్క తీసి అతని చేతిలో పెట్టాడు. ఎదురుగా చిన్న బల్ల లాగాడు.

"ఆ భాగం చెప్పు."

"ఫోనులో ఉందండీ, చదువుతాను."

"చదవకు. చెప్పు."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆయన దగ్గర కథ నేర్చుకునేవాళ్ళకి ఒక నియమం ఉంది. కథలో ఎవరైనా ఇంట్లో అడుగుపెడితే, గది తర్వాత గది చెప్పుకుంటూ పోవాలి. గది వదిలేసి దూకకూడదు. వినేవాడు నీ వెనకే నడుస్తుంటాడు, నువ్వు దూకితే వాడు గుమ్మంలోనే ఉండిపోతాడు అనేవాడాయన. మొదటి ఏడాదంతా లియాంగ్ చేత ఇళ్ళు చెప్పించాడు, ఇంకేమీ కాదు.

లియాంగ్ చెక్క కొట్టాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

చాలా రోజులకి నోరు విప్పినా విద్య ఎక్కడికీ పోలేదు. సింహద్వారం విరిగింది. కాపలావాళ్ళు పడ్డారు. రాళ్ళు పరిచిన వాకిలి, ఆయుధాలు పెట్టే చావడి, అన్నదమ్ములు ఉండే పై అంతస్తు. ఒక్కో గదీ దాటుతుంటే అతని గొంతు పెరిగింది. చివరికి పెద్దల పేర్లు రాసిన పలకలుండే పూజగదిలో, వంశం పెద్ద రోంగ్ కాళ్ళ మీద పడ్డాడు. కత్తి లేచింది. లియాంగ్ చెక్క ఎత్తాడు.

"ఇంకా గదులున్నాయి," అన్నాడు గురువు.

"ఇక్కడే ఆపానండీ. తర్వాత 'ఆ ఇంట్లో ఇంక ఒక్క ప్రాణి మిగల్లేదు' అని ఒక వాక్యం."

"ఆ వాక్యంలో ఉన్న గదులు చెప్పు."

లియాంగ్ చెయ్యి దించాడు. "ధాన్యం కొట్టు," అన్నాడు. అందులో తూకం వేసేవాడు ఒకడున్నాడు. వాణ్ణి చెప్పాడు.

"తర్వాత?"

"బావి." అక్కడ ఇద్దరు నీళ్ళు తోడుతున్నారు. వాళ్ళనీ చెప్పాడు. గొంతు తగ్గింది.

"తర్వాత?"

గదిలో సన్నగా ఏదో వాసన తగిలింది. లియాంగ్ వెనక్కి తిరిగి చూశాడు.

"గురువుగారూ, ఏదో మాడుతోంది."

"కథ మధ్యలో లేవకూడదు. బావి తర్వాత?"

"గంజి అడుగంటుతోందండీ."

"అవును," అన్నాడు గురువు, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. "దించేవాళ్ళేరీ?"

లియాంగ్ చేతిలో చెక్క అలాగే ఉండిపోయింది. పొగ గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు లేచి పరుగెత్తాడు. మసిగుడ్డ కనబడక చొక్కా అంచుతోనే గిన్నె పట్టుకుని నేల మీదకి దించాడు. వేళ్ళు కాలాయి. పైన తెల్లగా రెండు గరిటెల గంజి మిగిలింది. కింద అంతా బొగ్గు.

ఆ గిన్నె ముందు కూర్చుని ఫోను తీశాడు. నలభయ్యో భాగం దగ్గరికి వెళ్ళాడు, ఏడాదిన్నర వెనక్కి. దాని ముందు రోజు, ముప్ఫై తొమ్మిదో భాగం కింద ఇలా ఉంది.

"చదివాను. ఇవాళ వాక్యాలు తూలుతున్నాయి. ఏమీ తినకుండా రాసినట్టున్నారు. కాస్త గంజి కాచుకుని తాగి రాయండి."

ఆ పూట అతను నిజంగానే లేచి గంజి కాచుకుని తాగాడు. తాగి, మళ్ళీ కూర్చుని, రోంగ్‌ని ఆ ఇంటి వెనక గుమ్మం దగ్గరికి నడిపించాడు. అక్కడ ఒక ముసలమ్మని నిలబెట్టాడు. "మళ్ళీ ఆకలేస్తే మొహమాటపడకు, ఇటే రా," అని ఆమె చేత అనిపించాడు. అదంతా అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది.

నలభయ్యో భాగం కింద ఇంకో మాట ఉంది. "చదివాను. గంజి బాగుంది."

లియాంగ్ ఆరు వందల పదకొండో భాగం తెరిచాడు. తను రాసిన వెటకారం మాట చెరిపేశాడు. దాని చోట, "ఆవిడ కూడా పోయింది. నేను చూసుకోలేదు. మీరు అడిగింది సరైన ప్రశ్న, నవ్వడం నాది తప్పు," అని రాశాడు. కింద గిన్నెలూ గరిటెలూ నాలుగు వేలు అలాగే ఉన్నాయి. అవి చెరపడం అతని చేతిలో లేదు.

ఫోను గట్టు మీద పెట్టి, గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. మిగిలిన గంజి గురువుకి ఒక కప్పులో పోసి, అడుగు గోకడం మొదలుపెట్టాడు. బూడిదతో తోమాడు. కొబ్బరి పీచుతో తోమాడు. ఇసుక వేసి తోమాడు. మధ్యమధ్య చెయ్యి తుడుచుకుని వచ్చి ఫోను చూసుకుని వెళ్ళాడు. ఎండ గోడ దిగి పెరట్లోకి వచ్చింది. నలుపు కదల్లేదు.

షెన్ గురువు కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మాడు వాసన కొట్టే ఆ గంజే తాగుతున్నాడు.

"ఇంక గోకకు. చిల్లు పడుతుంది. నీళ్ళు పోసి నానబెట్టు."

లియాంగ్ నీళ్ళు పోశాడు. కాలిన వేళ్ళు ఆ నీళ్ళలోనే ఉంచి, తల ఎత్తకుండా అడిగాడు.

"పోతుందాండీ?"

గురువు కప్పులో మిగిలింది తాగేసి, గిన్నె వైపు చూశాడు.

"కొంత పోతుంది," అన్నాడు.

అంతేనర్రా.

"ఆవిడ మళ్ళీ వచ్చిందా అమ్మమ్మా?" అంది హారతి. రుత్విక్ ఫోను ఇటు తిప్పుకుని, దేనికోసమో కిందికి కిందికి జరుపుతున్నాడు.

నన్ను లేవనివ్వండి. పొద్దున పాలగిన్నె మాడితే నీళ్ళు పోసి వచ్చాను. ఈపాటికి నాని ఉంటుంది, తోముకోవాలి.