జారని ముడి

అనగా అనగా, చెవి ఒగ్గి వినేవాళ్ళ కోసం చెబుతున్నాను, గరికసీమ అని ఒక రాజ్యం ఉండేది. అక్కడ ఎటు చూసినా మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలో చెంగుచెంగున దూకే కృష్ణజింకలు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. గద్దెనెక్కిన ప్రతి రాజూ ఏడాదిలోగా ఒక మగజింకను వేటాడి, దాని తలను కొలువుకూటం గోడకు తగిలించాలి. దాని కొమ్ములు తన తండ్రి తెచ్చిన కొమ్ములకు తక్కువ కాకూడదు. గోడ మీది కొమ్మును తాడుతో కొలిచి, కొలత దగ్గర ముడి వేసి, ఆ ముడికి సరిపోయే జింకను వెతికి పెట్టడం జాడగాళ్ళ పని.

ఎర్రభూపతి రాజయ్యేనాటికి ఆ పని ముత్యాలిది. గడ్డి ఎటు వాలిందో చూసి, జింక ఎటు పోయిందో చెప్పగలిగే మనిషి. తండ్రి గంటన్న దగ్గర నేర్చుకుంది.

రాజాజ్ఞ అయింది. ముత్యాలి తాడు పట్టుకుని మూడు రోజులు బయలంతా తిరిగింది. ఒకప్పుడు లెక్కకు అందని మందలుండేవట. ఇప్పుడున్నది ఒకే ఒక్క మంద. ఇరవై ఆడజింకలు, కాసిన్ని కూనలు, ఎదిగిన మగజింక ఒక్కటి. పొదచాటున కూర్చుని దాని కొమ్ములను కంటితోనే కొలిచింది. జానెడున్నర. తాడు మీది ముడి రెండు జానల దగ్గర ఉంది. సరిపోలేదని వచ్చి చెప్పింది.

రాజు మళ్ళీ వెతకమన్నాడు. మళ్ళీ వెతికింది. మళ్ళీ అదే మాట చెప్పింది.

అప్పుడు మంత్రి నాగసూరి ఆమెను పక్కకు పిలిచాడు. పిచ్చిదానా, ముడిని కాస్త కిందికి జార్చితే సరిపోతుంది కదా, మీ వాళ్ళంతా చేసిన పనే కదా అన్నాడు. లేదంటే మూటాముల్లె సర్దుకుని పొలిమేర దాటమన్నాడు. లోకం తెలిసినవాడు మరి, ఇలాంటి సలహాలు చవకగానే ఇస్తాడు.

ముత్యాలి ఇంటికి వచ్చింది. ఆమెకు భయం వేసింది. పుట్టిన గడ్డను వదిలి ఎక్కడికని పోతుంది? కానీ ముడి జారిస్తే ఆ ఒక్క మగజింకా పోతుంది. అది పోతే మంద పోతుంది. ముత్యాలి మనసు రాయి చేసుకుంది.

మూడోసారి పిలుపు వచ్చింది. ఈసారి ఆమె కొలువుకు తాడుతో పాటు ఒక నిచ్చెన కూడా తెచ్చింది.

గోడ మీద అయిదు తలలున్నాయి. అన్నిటికన్నా పైన మొదటి రాజు తెచ్చింది, అన్నిటికన్నా కింద ఎర్రభూపతి తండ్రి తెచ్చింది. జాడగాళ్ళు ఎప్పుడూ చేతికందే కింది తలనే కొలిచేవాళ్ళు. ముత్యాలి నిచ్చెనెక్కి అయిదిటినీ ఒకే తాడుతో కొలిచి, కొలతకొక ముడి వేసింది. మొదటి రాజు జింక కొమ్ము మూడు జానలు. అక్కడినుంచి ఒక్కొక్క ముడీ తగ్గుతూ వచ్చింది. ఆఖరిది రెండు జానలు.



"మారాజా, ప్రతి తరంలోనూ పెద్ద కొమ్ములదాన్నే ఏరి చంపాం. చిన్న కొమ్ములవే మిగిలాయి. ఆ సంగతి పైకి రాకుండా మావాళ్ళు ముడి జార్చారు. మా అయ్యా జార్చాడు." అంది ముత్యాలి నిచ్చెన మీదినుంచే.

వేట ఉంది గనకనే ఆ బయలును ఎవరూ దున్నలేదని, వేట మానితే జింకలకు కాపలా ఎవరుంటారని నాగసూరి అడ్డుతగిలాడు. అందులో కొంత నిజం లేకపోలేదు.

"కాపలా ఉండాల్సిందే, మంత్రిగారూ. కంచే చేను మేస్తే మాత్రం ఇంక కాసేదేముంటుంది?" అంది ముత్యాలి.

రాజు ముఖం ఎర్రబడింది. తన తండ్రి పక్కన తన గుర్తు లేకపోతే ఎలా అన్నాడు. ముడి జార్చి తీరాలన్నాడు.

ముత్యాలి నిచ్చెన దిగి, తాడును రెండు చేతులా రాజుకు అందించింది.

"మీరే జార్చండి, మారాజా. నా చేత కాదు."

ఎర్రభూపతి ఆఖరి ముడిని వేళ్ళతో పట్టుకున్నాడు. అర జానెడు జారిస్తే చాలు. ఎవరూ కాదనరు. ఆయన గోడ వైపు చూశాడు, తాడు వైపు చూశాడు. తన తరువాత తన కొడుకు ఎంత జార్చాలో, మనవడి నాటికి అసలు జింకే ఉంటుందో లేదో ఆయనకు అప్పుడు తట్టింది. సిగ్గుతో తల వంచుకున్నాడు.

ఆ రోజే గరికసీమలో జింక వేట నిషేధమైంది. ఆరో తల ఉండాల్సిన చోట రాజు ఆ తాడునే తగిలించాడు. వేటకు వెళ్ళే భటులు బయలుకు కాపలా వెళ్ళారు. ముత్యాలి పని ముత్యాలికే ఉంది. కాకపోతే, ఏటేటా కొత్తగా పుట్టిన కూనలెన్నో లెక్కపెట్టి వచ్చి కొలువులో చెప్పడం ఇప్పుడామె పని.

చాలా ఏళ్ళకు, జుట్టు నెరిసిన ముత్యాలి ఒకనాడు బయలునుంచి వచ్చి, గోడ మీది తాడును చూపించి, రెండో రాజు ముడిని దాటిన కొమ్ములు కనిపించాయని చెప్పింది. ముసలి రాజు విల్లు అడగలేదు. ఆ జింకను చూడడానికి చెప్పులు అడిగాడు.

చంపి గోడకెక్కించిన గొప్ప ఒక్కడిది, బతకనిచ్చిన గొప్ప తరతరాలది.