కాలు పెట్టే పళ్ళెం

ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, తలమీద నీళ్ళ చెంబుతో ఇందుమతి కూచిపూడి తరంగం ఆడి ఎనిమిదేళ్ళయింది. ఈ కార్తీక పౌర్ణమికి బందరులో సభవాళ్ళు అడిగితే ఆడతానని ఒప్పుకుంది. ఒప్పుకున్నాక పెట్టెలోంచి పాత నాట్యం దుస్తులు తీసి వేసుకోబోతే హుక్కులు ఒకదాని మొహం ఒకటి చూడనన్నాయి. ఇద్దరు పిల్లలు పుట్టాక పదకొండు కిలోలు పెరిగింది మరి!

దర్జీ దగ్గరికి వెళ్ళాల్సిన మనిషి అద్దం దగ్గరికి వెళ్ళింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పొద్దున తిండి మానేసింది. ఇంత డికాక్షన్ టీ తాగి, కాలవ గట్టు మీద మూడు కిలోమీటర్లు పరుగెత్తి, ఆ చెమటలతోనే ఆరింటికి విరూపాక్షం మాస్టారింటికి పాఠానికి వచ్చేది. ఖాళీ కడుపున పరుగెత్తితే కొవ్వు ఇట్టే కరుగుతుందని ఫోనులో ఎవరో కండలాయన చెప్పాడట. మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి గ్లాసుడు మజ్జిగ. మొండితనంలో ఆమెను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాస్త మురిపెం కూడాను.

మాస్టారికి డెబ్భై దాటాయి. భార్య పోయాక తన వంట తనే చేసుకుంటూ, ముందు హాల్లో నాట్యం నేర్పుతుంటారు. నోటితో చెప్పేది తక్కువ. తాళం వేసే కర్ర చప్పుడును బట్టే తప్పేదో ఒప్పేదో శిష్యులకు తెలిసిపోతుంది.

"పదిహేను రోజుల్లో నాలుగు కిలోలు తగ్గానండీ మాస్టారూ!" అంది ఒకరోజు, గజ్జెలు కట్టుకుంటూ.

ఆయన ఆమె పాలిపోయిన మొహంకేసి చూశారు.

"ఏం తగ్గిందమ్మా?"

"బరువండీ."

"ఊఁ," అన్నారు.

ఆ రోజు రెండో చరణం దగ్గర పళ్ళెం ఆగిపోయింది. వేళ్ళు వణికాయి. ఒళ్ళంతా చల్లటి చెమట పట్టి, ఎదురుగా ఉన్న కిటికీ రెండుగా కనబడింది. చెంబు దభీమని పడి నీళ్ళు హాలంతా పారాయి. మాస్టారు కర్ర విసిరేసి, ఆమె రెక్క పట్టుకుని ఆపారు. లేకపోతే ఆ గచ్చు మీద తల పగిలేదే.

గోడకు ఆనించి కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్ళలో పంచదార కలిపి తాగించారు. వణుకు తగ్గాక ఆమె తువ్వాలు కోసం సంచీ తెరిస్తే మడతపెట్టిన కాగితం ఒకటి జారిపడింది. పది రోజుల క్రితం డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

ఒంట్లో రక్తం తక్కువ, హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. ఆకలితో ఉంటే చక్కెర పడిపోతోంది. మాత్రలు నాగా పెట్టకూడదు, వాటితో టీ తాగకూడదు. మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినాలి. ప్రస్తుతానికి మెల్లగా నడవడమే, ఎగరడాలూ దూకడాలూ వద్దు. బరువు నిదానంగా తగ్గాలి.

"మీకు చెబితే పళ్ళెం ఎక్కనివ్వరని దాచానండీ," అంది తల వంచుకుని. "ఒళ్ళు తేలికైతే పళ్ళెం బాగా కదులుతుందనుకున్నాను."

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచారు. పళ్ళెం తీసి వంటింట్లోకి పట్టుకుపోయారు.

"రేపు ఆరింటికి రా. ఓ అరటిపండు తిని, నడిచి రా."

"పళ్ళెం ఇస్తారా మాస్టారూ?"

"ఇస్తాను."

మర్నాడు వచ్చేసరికి పళ్ళెం హాలు మధ్యలో, రోజూ ఉండే చోటే ఉంది. చింతపండుతో తోమినట్టున్నారు, తళతళలాడుతోంది. అందులో మునగాకు వేసిన పెసరట్లు రెండు, గుప్పెడు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, ఓ నిమ్మచెక్క. పక్కన మంచినీళ్ళు, చీటీ చూపించి తెప్పించిన మాత్ర. ఆమె చేతిలోని టీ ఫ్లాస్కు మాస్టారు అందుకుని అటక మీద పెట్టేశారు.

ఇందుమతి రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో, ఇది కాలు పెట్టే పళ్ళెం కదండీ!"

"కాలు పెట్టాలంటే ముందు చెయ్యి పెట్టాలి," అన్నారాయన, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంటూ.

ఈ వయసులో తెల్లవారకుండా లేచి మునగాకు దూసి, పెసలు రుబ్బారని తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తింది.

కార్తీక పౌర్ణమికి తరంగం వేరే అమ్మాయి ఆడింది. ఇందుమతి మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. మనసు చివుక్కుమన్న మాట నిజమే. మర్నాడు మాత్రం ఠంచనుగా ఆరింటికే వచ్చింది, పళ్ళెంలో తినేసి మాస్టారితో కాలవ గట్టుకు నడిచింది. ఆయన నడక ఎంత నిదానమంటే, ఆమెకు పరుగుకన్నా అదే కష్టమైంది. బరువు నెలకో కిలో, కిలోంపావు చొప్పున దిగింది. కనురెప్పల లోపలికి ఎరుపొచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసి "ఇక ఆడొచ్చు" అన్నరోజున, తిన్న పళ్ళేన్ని మాస్టారే కడిగి తుడిచి, ఆమె పాదాల ముందు పెట్టారు. నాట్యం దుస్తులు దర్జీ దగ్గరికి వెళ్ళాయి.

ఫాల్గుణంలో ఆ సభవాళ్ళే మళ్ళీ పిలిచారు. తలమీద చెంబు పెట్టుకునే ముందు ఇందుమతి వంగింది. కుడి అరచెయ్యి పళ్ళెం నడుమ ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

చూసేవాళ్ళు నమస్కారం చేస్తోందనుకున్నారు. మాస్టారు మాత్రం నవ్వు దాచుకోవడానికి తల వంచుకుని, తాళాలు అందుకున్నారు.