రేగుపొదకు రెండు రకాల ముళ్ళు

ఒకప్పుడు రేగుపొదకు ముళ్ళుండేవి కావు. నమ్మరు కదా? నమ్మకపోతే మానండి, నేను మాత్రం చెప్పేది చెబుతాను. ఆ రోజుల్లో గొర్రెపిల్ల రేగుపొదలో దూరి హాయిగా కునుకు తీసేది. లేచి వస్తుంటే ఒక్క వెంట్రుక కూడా చిక్కుకునేది కాదు.

ఎర్రగుట్ట మీద గొర్రెలు మేసే పెద్ద బీడు ఉంది. ఆ బీడులో ఒకే ఒక్క రేగుపొద. పేరు రేగమ్మ. ఏటేటా ఒళ్ళంతా కాయలు కాసేది. కాయలు రాలి, గట్టినేల మీద దొర్లుకుంటూ పోయి కింద వాగులో కలిసేవి. పక్కన ఒక్క మొక్క మొలిచింది లేదు.

"ఇంత కాసి ఏం లాభం? నేను పోతే ఈ గుట్ట మీద రేగన్నదే ఉండదు" అని రేగమ్మ బెంగ పెట్టుకుంది. ఆమెకు కావాల్సిందల్లా పక్కన ఒక బిడ్డ.

అంతలో చుంచన్న అనే ఎలుక ఎక్కణ్ణుంచో దిగబడ్డాడు. "అత్తా, నీ నీడ బాగుంది" అన్నాడు. ఆమె ఏమంటుందో వినకుండానే కాళ్ళ కింద కలుగు తవ్వడం మొదలుపెట్టాడు. మట్టంతా కుప్పలు కుప్పలుగా బయట పోశాడు. అడ్డొచ్చిన వేరునల్లా కొరికాడు. పైగా రాలిన కాయలన్నీ ఏరుకుని లోపలికి మోశాడు.

"ఏరా, నా వేళ్ళెందుకు కొరుకుతున్నావు?" అని అడిగింది రేగమ్మ.

"కొరక్కపోతే పళ్ళు పెరిగిపోతాయత్తా. నోరు మూతపడదు."

"మరి నా కాయలు?"

"ఎండాకాలానికి దాచుకుంటున్నా."

"ఎక్కడ దాచావు?"

చుంచన్న తల గోక్కున్నాడు. "అదే కదత్తా నా బాధ. సగం ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు."

రేగమ్మకు ఒళ్ళు మండింది. ఒక పక్క కొమ్మ అప్పటికే ఎండుముఖం పట్టింది. బిడ్డ మొలవకపోగా, ఉన్న గింజలు కూడా వీడి పొట్టలోకే పోతున్నాయి.

ఆ బీడులో గొర్రెలు కాసేది ఓబక్క. మాట కరుకు, మనసు మెత్తన. రేగమ్మ ఆమె దగ్గర మొరపెట్టుకుంది.

"దీనికేనా ఇంత దిగులు?" అంది ఓబక్క. "నీ చుట్టూ మంద కడతా. కింద ఊళ్ళల్లో రైతులు మా చేలో మంద కట్టమని నన్ను బతిమాలతారు. నీకు ఎరువూ దొరుకుతాది, గిట్టల కింద వాడి కలుగులూ పూడిపోతాయి."

మంద కట్టడమంటే తెలుసా? పొద్దుగూకినాక గొర్రెలన్నిటినీ ఒకేచోట పడుకోబెట్టడం. వాటి పెంట నేలకు మంచి బలం. ఓబక్క అన్నంత పనీ చేసింది. గొర్రెలు తొక్కీ తొక్కీ కలుగులన్నీ పూడ్చేశాయి. "ఇదేం మర్యాదత్తా?" అని గొణుక్కుంటూ చుంచన్న గుట్ట అవతలికి పోయాడు. పీడ విరగడైందనుకుంది రేగమ్మ.

వాన వచ్చింది. నీళ్ళు నేల మీద పడ్డాయి, జారాయి, పెంటనంతా ఊడ్చుకుని వాగులోకి పోయాయి. ఒక్క చుక్క కూడా వేళ్ళదాకా దిగలేదు. తరవాతి వానా అంతే. రేగమ్మ ఆకులు వడలిపోయాయి.

"ఓబక్కా, ఇదేందే? ఎరువు వేశావు, ఎలుకను తోలావు. మరి నేనెందుకు ఎండిపోతున్నాను?"

ఓబక్క చేతికర్రతో నేలను పొడిచి చూసింది. కర్ర దిగలేదు. గొర్రెలు తొక్కీ తొక్కీ నేల బండలా బిగిసిపోయింది.

"చేలో అయితే మంద లేచినాక రైతు దున్నుతాడు. నేల మళ్ళీ గుల్లవుతాది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. గుట్ట మీదికి నాగలి ఎవరు తెస్తారే?"

అప్పుడు ఓబక్క చూపు పొద వెనక్కి పోయింది. అక్కడ రెండు బండల సందులో గొర్రెలు తొక్కని చోటు కొంచెం మిగిలింది. చుంచన్న పోసిన మట్టికుప్ప అది. వాననీళ్ళు అందులోకి బాగా ఇంకాయి. ఆ చెమ్మలోంచి చిన్న రేగుమొక్క తలెత్తి చూస్తోంది. చుంచన్న దాచి మరిచిపోయిన గింజ అన్నమాట.

రేగమ్మ ఆనందంతో ఉన్న నాలుగాకులూ ఆడించింది. ఆ వెంటనే బుర్ర తిరిగింది. "నా వేళ్ళు తిన్నది వాడే. నా బిడ్డను నాటిందీ వాడే. వాడు మంచివాడా, చెడ్డవాడా ఓబక్కా?"

"నన్నడుగుతావేందే? నాకూ ఏం పాలుపోవడం లేదు" అంది ఓబక్క. అయినా గుట్ట నెత్తిమీదికెక్కి చుంచన్నను కేకేసింది.

వాడు వచ్చాడు, తవ్వాడు. ఈసారి వాననీళ్ళు కలుగుల వెంట లోపలికి దిగాయి. రేగమ్మ చిగురేసింది. అదే రోజు చుంచన్న లావుపాటి వేరొకటి కొరికేశాడు. అక్కడితో ఆగకుండా పిల్లమొక్క వైపు మూతి చాచాడు. "అత్తా, ఈ చిన్నది భలే లేతగా ఉంది."

"పోరా అవతలికి" అని అరిచింది రేగమ్మ. వాడు కదిలాడు. "ఆగరా, ఎక్కడికి పోతున్నావు?" అంది. వాడు ఆగాడు.

"పోవాలా, ఉండాలా? ఏదో ఒకటి చెప్పత్తా" అన్నాడు చుంచన్న ఒక కాలు పైకెత్తి.

ఇదంతా చూస్తున్న ముసలి ఎర్రగుట్ట తాత ఇక ఉండబట్టలేకపోయాడు. "వాణ్ణి తోలమంటావా, ఉంచమంటావా తల్లీ? ఒక్క మాట చెప్పు. అలాగే చేస్తా."

రేగమ్మ ఆలోచించింది, ఆలోచించింది, చివరికి ఏడ్చేసింది. "వాడు పోతే నీళ్ళు లేక మేమిద్దరం చస్తాం. ఉంటే నా బిడ్డను కొరుకుతాడు. నాకేమీ తెలియడం లేదు తాతా."

తాతకూ తెలియలేదు. బుర్ర గోక్కుని, "సరే, తేల్చుకునేదాకా పొమ్మనేదీ ఉండమనేదీ రెండూ ఉంచుకో" అన్నాడు. వెంటనే తల్లికీ బిడ్డకూ ప్రతి ఆకు మొదట్లో రెండేసి ముళ్ళు పొడుచుకొచ్చాయి. చుంచన్న పిల్లమొక్కను కొరకబోతే నిటారు ముల్లు ముక్కు మీద పొడిచింది. హడలిపోయి పారిపోబోతే కొక్కెం ముల్లు తోక పట్టుకుంది. వాడు ఉసూరుమంటూ అక్కడే కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచే రేగుపొదకు జంటముళ్ళు, ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా. కాయల కోసం చెయ్యి పెడితే ఒకటి పొమ్మని పొడుస్తుంది. సరే పోదామంటే రెండోది ఉండమని చొక్కా పట్టుకుంటుంది. తిట్టుకోకండి పిల్లలూ. రేగమ్మ ఇంకా తేల్చుకోలేదు.