బాతుగుడ్ల మీద నల్లపెట్ట

సువార్తమ్మ దొడ్లో బాతులున్నాయి గానీ, వాటికి గుడ్లు పెట్టడమే తెలుసు, పొదగడం చేతకాదు. ఎక్కడ పెట్టాయో కూడా గుర్తుండదు మహాతల్లులకు. అందుకని ఆ ఊరి ఆడవాళ్ళంతా చేసే పనే ఆవిడా చేసింది. గంపలో ఊక పోసి, ఏరి తెచ్చిన బాతుగుడ్లను నల్లపెట్ట కింద సర్దింది. "ప్రభువా, నీ సమయంలో నువ్వే పిల్లల్ని చెయ్యి" అని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి తన పనిలో పడిపోయింది. అవి బాతుగుడ్లనీ, కోడిగుడ్ల కంటే మరో వారం ఎక్కువ పడుతుందనీ పెట్టకు చెప్పేదెవరు?

నల్లపెట్టకు ఆ గంపే లోకమైంది. పోయినసారి పిల్లలన్నిటినీ గద్ద ఎత్తుకుపోయింది. ఈసారి ఒక్కటైనా "కియ్ కియ్" మంటూ తన వెనక తిరిగితే చాలని దాని ఆశ. మేత కూడా మానేసి కూర్చుంది.

ఇంతలో తనతోపాటే పొదగడానికి కూర్చున్న ఎర్రపెట్ట పిల్లల్ని చేసేసింది. బలగాన్నంతా వెంటేసుకుని గంప దగ్గరికొచ్చి ఆగింది.

"ఏమే చెల్లీ, ఇంకా లేవలేదా?"

"పిల్లలు రాందే ఎలా లేస్తానక్కా?"

"అయ్యో పాపం! ఏం గుడ్లో ఏమో!" అని మూతి తిప్పుకుంటూ వెళ్ళింది ఎర్రపెట్ట.

నల్లపెట్టకు గుండె చివుక్కుమంది. దేవుడు పక్క గంప దాకా వచ్చి నా గంపనే మరిచిపోయాడా అని కుమిలిపోయింది.

గోడ కన్నంలో కాపురముండే ముంగిస ఈ మాటలన్నీ విననే వింది. అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది.

"ఆలస్యం అమృతం విషం అన్నారు వదినా. అవన్నీ మురిగిపోయాయి."

"దేవుడి సమయం రావాలంటుంది సువార్తమ్మగారు."

"ఎర్రపెట్టకు వచ్చిన సమయం నీకెందుకు రాలేదో మరి? ఒక్కటి ఇటు దొర్లించు, పగలగొట్టి చూపిస్తా. మురిగిందయితే మిగతావీ నేనే పారేసొస్తా. ఆ కంపు నీకెందుకు?"

పక్కనే నెమరేస్తున్న ముసలెద్దు తలెత్తింది. "వద్దమ్మా. నాట్లేసిన మర్నాడే కొడవలి పట్టుకెళ్ళిన రైతును నేనెక్కడా చూళ్ళేదు. ఇచ్చినవాడికి తెలుసు, ఎప్పుడివ్వాలో."

"నీకేం బాబాయ్, పిల్లా జెల్లా లేనివాడివి! ఎన్నైనా చెబుతావు" అని కసురుకుంది పెట్ట.

కసురుకున్న ఊపులోనే ఒక గుడ్డును ముక్కుతో బయటికి తోసేసింది. ముంగిస దాన్ని ముందుకాళ్ళతో పట్టి, వెనక్కి తిరిగి, కాళ్ళ సందులోంచి రాయికేసి కొట్టింది. పెంకు చిట్లింది. లోపల్నించి సన్నగా "కీచ్" మని వినిపించింది.

పెట్ట ఒక్క ఉదుటున దూకింది. అప్పటికే ముంగిస దాన్ని నోట కరుచుకుని కన్నంలో దూరిపోయింది.

"బతికున్న పిల్ల బాబాయ్! నా చేతులారా నేనే తోసేశాను!" అని పెట్ట గొల్లుమంది.

ఎద్దుకూ కళ్ళు చెమర్చాయి. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం తల్లీ. మిగతావి చల్లారిపోతాయి, ముందు ఎక్కి కూర్చో."

మర్నాడు సువార్తమ్మ మందిరంలో స్త్రీల కూడికకు వెళ్ళడం చూసి ముంగిస మళ్ళీ దిగింది.

"నిన్నటిది ఒట్టి మురుగే వదినా. మిగతావీ ఇచ్చెయ్."

కడుపు మండిపోతున్నా పెట్ట నీరసం నటించింది. "తోసే ఓపిక లేదు మరిదీ. గంప వెనకాల కంత ఉంది, నువ్వే తీసుకో."

ముంగిసకు ఎక్కడలేని ఆత్రం. ఎద్దు ఎక్కడుందో కూడా చూసుకోకుండా కంతలో తల దూర్చింది. లోపల్నించి పెట్ట దాని మూతి మీద టకటకా పొడిచింది. వెనక్కి లాక్కుందామంటే, తోక మీద ఎద్దు కాలు!

"బాబాయ్, కాలు తియ్యి!"

"తీస్తా నాయనా, తొందరేముంది? దానికీ ఒక సమయం రావాలిగా" అంది ఎద్దు తాపీగా.

సువార్తమ్మ కూడిక ముగించుకుని వచ్చేదాకా ఆ సమయం రాలేదు. ఆవిడ చీపురు తిరగేసి నాలుగు తగిలించాకే ఎద్దు కాలు తీసింది. సగం తోక బోడిగా మిగుల్చుకుని గోడ దూకిన ముంగిస మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

మరికొన్నాళ్ళకు పెంకులు చిట్లాయి. పసుపుపచ్చని పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పెట్ట తెల్లబోయింది.

"ఇదేంటి బాబాయ్, ముక్కులు చదునుగా ఉన్నాయి?"

"బాతుపిల్లలమ్మా! అందుకే ఇన్నాళ్ళు పట్టింది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"నాకూ ఇప్పుడేగా తెలిసింది."

"మరి ఆ రోజు అంత ధీమాగా ఎలా చెప్పావు?"

"గుడ్ల సంగతి నాకేం తెలుసు? ఇచ్చినవాడి సంగతి తెలుసు."

పెట్ట ఉన్న పిల్లలన్నిటినీ రెక్కల కిందికి లాక్కుంది. లేని పిల్ల కోసం కాసేపు ఏడ్చింది.

విన్నవాళ్ళు మూట కట్టుకోవాల్సింది ఇంతే: దేవుడిచ్చేదాకా ఆగినవాడికి అడగనిది కూడా దక్కుతుంది, ఆయన కంటే ముందు పరిగెత్తినవాడు ఒళ్ళోది కూడా పోగొట్టుకుంటాడు.