డేగ కాలికంటిన మంచు

ఒకప్పుడు మంచుకి ఇల్లంటూ లేదు. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ కురిసేది. అప్పట్లో కుక్క పాదాలు కూడా ఇప్పటిలా ఉండేవి కావు. అరికాళ్ళు పసిపిల్ల అరచేతుల్లా మెత్తగా, ఎర్రగా ఉండేవి. వాటిని నాక్కోవాలని ఏ కుక్కకీ తోచలేదు. కాళ్ళున్నది పరిగెత్తడానికి, నాలుకున్నది తినడానికి, అంతే అనుకునేవి.

ఆ రోజుల్లో ఒక కొండ అడవిలో బయ్యన్న అనే వేటగాడు, అతని భార్య ఈదమ్మ, వాళ్ళ వేటకుక్క డేగ ఉండేవాళ్ళు. కుక్కకి పక్షి పేరేమిటని నన్నడక్కండి. పెట్టింది బయ్యన్న. అతనికి అలాంటివి తోస్తుంటాయి.

ఒకనాడు పొద్దున్నే ఈదమ్మ గునపం, బుట్ట పట్టుకుని గడ్డలు తవ్వుకొస్తానని పై కొండకి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళిందో లేదో, మంచు దారి తప్పి వచ్చి ఆ అడవి మీద కురవడం మొదలుపెట్టింది.

అక్కడ ఎవరూ మంచుని చూసి ఎరగరు. మండే ఎండాకాలం, తడిపే వానాకాలం, కాస్త వణికించే చలికాలం, అంతవరకే వాళ్ళకి తెలుసు. "బూరుగుకాయలు పగిలాయి" అంది కాకి. "కాదు, పిండి" అన్నాయి చీమలు. తలా ఒక పలుకు మోసుకుపోయాయి. పుట్టలోకి వెళ్ళేసరికి పిండి లేదు, వీపులు తడిశాయి. ఎవరు తినేశారో తెలియక చీమలు ఒకదాన్నొకటి అనుమానించుకున్నాయి. కోతి మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. చూడకపోతే అదే పోతుందనుకుంది.

డేగ గుడిసెలోంచి ఒక అడుగు బయటికి వేసి, "అమ్మో! కాలింది!" అని వెనక్కి దూకింది.

పాపం, దానికి ఇంకేం తెలుసు? పుట్టాక దాని కాళ్ళని నొప్పించింది వేసవిలో కాలే బండ ఒక్కటే.

బయ్యన్న వంగి చూశాడు. తెల్లగా ఉంది. మెత్తగా ఉంది. ఊదితే లేస్తోంది. "ఇది బూడిదరా డేగా! పైన బూడిద, కింద నిప్పు. అడవంతా అడుగున కాలతా ఉంది" అన్నాడు. వెంటనే పై కొండ వైపు చూశాడు. "అయ్యో, ఈదమ్మ నిప్పుల మీదుంది!"

"మరి పొగేదయ్యా?" అంది డేగ.

"అదే నాకూ తెలవటం లేదు."

నడివేసవిలో వేటకి వెళ్ళేటప్పుడు బయ్యన్నకి ఒక అలవాటు ఉంది. కుక్క కాళ్ళు నీళ్ళతో తడిపి, నానబెట్టిన మోదుగాకులు చుట్టి, నారతో కట్టేవాడు. ఆ కట్టుంటే డేగ కాలే బండల మీద కూడా కుందేళ్ళని తరిమేది. ఇప్పుడూ అదే చేశాడు. కుండెడు నీళ్ళు నాలుగు కాళ్ళ మీదా గుమ్మరించి, తడి ఆకులు కట్టి, "పద" అన్నాడు. తన కాళ్ళకి తోలుచెప్పులు తొడుక్కున్నాడు.

పది అడుగులు వేశారో లేదో, ఆ ఆకులు పెంకుల్లా బిగుసుకున్నాయి. వేళ్ళ సందుల్లో నీళ్ళు గులకరాళ్ళయి కోస్తున్నాయి.

"అయ్యా, ఇంకా కాలుతోంది!"

"అయితే ఇంకాస్త తడుపుతా, ఉండు." బయ్యన్న సొరకాయ బుర్రలోని నీళ్ళు కూడా పోశాడు.

మంట రెట్టింపయింది. బయ్యన్న తల గోక్కున్నాడు. నీళ్ళు పోస్తే నిప్పు ఆరాలి. ఇక్కడ పోసిన నీళ్ళే గట్టిపడుతున్నాయి. నీళ్ళు కాలిపోయి బొగ్గవుతున్నాయా? నీళ్ళకి బొగ్గుంటుందా? ఉంటే నల్లగా ఉండొద్దూ?

"సరేలే, ఈదమ్మ వాసన ఏమన్నా తగులుతా ఉందా?" అన్నాడు.

"లేదయ్యా. అసలు అడవికే వాసన లేదు."

అలా కొంతదూరం పోయాక బయ్యన్నకి నేల మీద అడుగులు కనిపించాయి. అడుగుజాడలు చదవడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. వంగి చూసి, "మనకన్నా ముందు ఒక మనిషి, ఒక కుక్క పోయారు. మనిషి కంగారులో ఉన్నాడు. కుక్క కుంటుతా ఉంది. పాపం, వాళ్ళ కుక్కకీ కాళ్ళు కాలినట్టుంది. వాళ్ళ వెనకే పోదాం, దారి దొరుకుద్ది" అన్నాడు.

కాసేపు పోయాక, "ఇప్పుడు ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు" అన్నాడు.

ఇంకాసేపటికి, "ముగ్గురయ్యారు. మూడు కుక్కలూ కుంటివే! ఊరు ఊరంతా కుంటికుక్కలని తోలుకుని ఎక్కడికి పోతా ఉంది రా?"

డేగకి అనుమానం వచ్చింది. తన కాలు తీసి ఆ జాడలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది. "అయ్యా, ఇవి మన కాళ్ళే. మన చుట్టూ మనమే తిరుగుతున్నాం" అంది.

బయ్యన్న అక్కడే కూలబడ్డాడు. ఏది కొండో, ఏది లోయో అతనికి తెలియలేదు. ఈదమ్మ లేకుండా ఆ గుడిసెకి ఎలా తిరిగి పోవడం? అంతటి వేటగాడూ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

అతను ఏడుస్తుంటే డేగకి దుఃఖం, కోపం రెండూ కలిసి వచ్చాయి. నేలని చూసి మొరిగింది. "ఎవరు నువ్వు? ఎందుకిలా కాలుస్తున్నావు? మా ఈదమ్మని ఏం చేశావు?"

"నేనా? కాల్చడమా?" అంది కింది నుంచి ఒక సన్నటి గొంతు. "నాకు నిప్పంటేనే ప్రాణభయం. నేను మంచుని."

"మంచంటే?"

"నీళ్ళే. చల్లబడి చల్లబడి ఇలా అయ్యాను."

"అబద్ధం! చల్లగా ఉంటే హాయిగా ఉండాలి. కుండలో నీళ్ళు చల్లగానే ఉంటాయి. అవి కరుస్తాయా?"

"మరీ ఎక్కువైతే చలి కూడా మంటలాగే ఉంటుందిట. ఎందుకో నాకూ తెలీదు. ఒకరు నన్ను పిండి అన్నారు, ఒకరు దూది అన్నారు, మీరేమో బూడిద అంటున్నారు. వింటూ వింటూ నేనెవరో నాకే అనుమానంగా ఉంది" అని మంచు ఏడుపు గొంతుతో అంది. "నమ్మకపోతే నాలుకతో చూడు. నిప్పయితే కాలుతుంది కదా."

డేగ వెనకాడింది. కాళ్ళు ఎలాగూ పోయాయి, నాలుక కూడా పోతే తిండి ఎలా? కానీ ఈదమ్మ జ్ఞాపకం వచ్చింది. కళ్ళు మూసుకుని కుడి ముందుకాలు ఎత్తింది. ఆకుల కట్టు పళ్ళతో పీకి పారేసి, వేళ్ళ సందులో ఉన్న మంచుగడ్డని ఒక్కసారి నాకింది.

నాలుక కాలలేదు. గడ్డ కరిగి నీళ్ళయింది. ఆ నీళ్ళలోంచి గుప్పున ఒక వాసన వచ్చింది. తవ్విన మట్టి, తెగిన గడ్డల జిగురు, ఈదమ్మ తలకి రాసుకునే ఇప్పనూనె.

ఈదమ్మ నడిచిన దారి మీదే మంచు కురిసింది. ఆమె వాసనంతా తనలో బిగించి పెట్టుకుంది. అది కరిగితే తప్ప బయటికి రాదు.

"అయ్యా! ఈదమ్మ నా కాల్లో ఉంది!" అని అరిచింది డేగ.

బయ్యన్న కళ్ళు తుడుచుకుని ఆ కాలిని పైకీ కిందికీ తిప్పి చూశాడు. "ఏ కాల్లో?"

డేగకి చెప్పలేక తలప్రాణం తోకకొచ్చింది. ఇది నిప్పు కాదని, చలి అని, నీళ్ళు పోయకూడదని మూడుసార్లు చెప్పింది. మూడోసారికి బయ్యన్న "అంటే తడపగూడదు, తడవకుండా చూడాల" అన్నాడు. నడుముకున్న సంచిలోంచి తేనెమైనం తీశాడు. వానలో వింటినారి నానకుండా రాసే మైనం అది. ఏళ్ళ తరబడి పొయ్యి పైన దాచడం వల్ల పొగచూరి కాటుకలా నల్లబడింది. దాన్ని చంకలో పెట్టుకుని మెత్తబరిచాడు. ఆకులన్నీ విప్పేసి, డేగ కాళ్ళకి దట్టంగా పట్టించాడు. మైనం రాసిన చోట మంచు అంటలేదు, జారిపోయింది. డేగకి ప్రాణం లేచొచ్చింది.

మూడు కాళ్ళయ్యాక డేగ నాలుగోది వెనక్కి లాక్కుంది.

"ఈ కాలికి వద్దయ్యా. దీనికి మంచు అంటాలి."

"కోసుకుపోద్దిరా!"

"పోనీ. ఇది కూడా జారిపోతే ఈదమ్మ ఎటుందో నాకెలా తెలుస్తుంది?"

బయ్యన్న మిగిలిన మైనం సంచిలో పెట్టుకున్నాడు. డేగ బయలుదేరింది. పది అడుగులు వేయడం, ఆగడం, కుడికాలు ఎత్తి వేళ్ళ సందు నాకడం, వాసన ఉంటే ముందుకు, లేకపోతే పక్కకి. ఆ కాలు పగిలి రక్తం వచ్చింది. తెల్లటి నేల మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. డేగ ఆగలేదు.

పై కొండ మీద ఒక బండ చాటున ఈదమ్మ కనిపించింది. ముడుచుకుని కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎదురుగా మంచులో గడ్డలు వరసగా పూడ్చి పెట్టుకుంది.

"ఏంది మావా," అంది నీరసంగా, "ఎంతసేపు చూసినా ఈ బూడిదలో గడ్డలు కాలట్లా. పాడు బూడిద. నాకు నిద్దరొస్తా ఉంది."

"నిద్దరొద్దు ఈదమ్మా, నిద్దరొద్దు!" బయ్యన్న ఆమెని పొదివి పట్టుకున్నాడు. డేగ వెళ్ళి ఆమె పాదాల మీద పడుకుంది. మెల్లగా ఆమె వేళ్ళలోకి వెచ్చదనం పాకింది. పెదాలకి రంగొచ్చింది. అప్పుడు గానీ బయ్యన్నకి ఊపిరి తిరగలేదు.

ఈదమ్మ తేరుకుని డేగ కాళ్ళు చూసింది. మూడు నల్లగా ఉన్నాయి, ఒకటి ఎర్రగా పగిలి ఉంది.

"దీనికి ఎందుకు రాయలేదు మావా?"

బయ్యన్న డేగ వైపు చూశాడు. డేగే చెప్పింది. "నువ్వు దానికి అంటుకుంటావని."

ఈదమ్మకి ఆ మాట అర్థం కాలేదు. ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని, కన్నీళ్ళు కారుతుంటే, మిగిలిన మైనమంతా దానికే రాసింది.

మర్నాడు మంచు సర్దుకుని ఉత్తరాన ఎత్తైన కొండలకి వెళ్ళిపోయింది. నన్ను నన్నుగా గుర్తుపట్టేవాళ్ళ దగ్గరే ఉంటానంది. డేగ కాళ్ళకి రాసిన మైనం మాత్రం ఎంత కడిగినా పోలేదు. దాని పిల్లలు కూడా నల్లటి అరికాళ్ళతోనే పుట్టాయి.

అప్పటినుంచే కుక్క అరికాళ్ళు నల్లగా, మందంగా ఉంటాయి. మంచుని కల్లో కూడా ఎరగని మన వీధికుక్క కూడా తిరిగి తిరిగి వచ్చి పడుకోగానే, ముందు కాలు దగ్గరికి తీసుకుని, వేళ్ళ సందులు ఒక్కొక్కటే నాక్కుంటుంది. దుమ్ము అంటిందేమో అని మీరనుకుంటారు. కాదర్రా. ఇంటికి రావలసినవాళ్ళు ఎవరైనా దారిలో చిక్కుకుపోయారేమోనని చూసుకుంటుంది.