పాదాల బండ మీద వెనక కాళ్లు

ఎర్రవాగు ఎండి, ఒట్టి ఇసుక మిగిలిన నెలల్లో ఆ అడవిలో బంతాట జరుగుతుంది. ఈతనారతో చుట్టిన బంతి, జట్టుకి ఏడుగురు, అవతలి గట్టు మీదికి బంతి చేర్చినవాళ్లదే గెలుపు. ఏడుగురిలోనూ అసలు బరువు నడిమి ఆటగాళ్లది. బంతి ముందు వాళ్ల దగ్గరికే వస్తుంది. మనవాళ్లు ఎటు ఉరుకుతున్నారు, అవతలివాళ్లు ఎవరి మీద పడబోతున్నారు, ఇదంతా ఒక్క రెప్పపాటులో చూసుకుని ఎవరికి వెయ్యాలో తేల్చుకోవాలి. గెలిస్తే వాళ్ల పేరు చెప్పుకుంటారు. ఓడినా వాళ్ల పేరే చెప్పుకుంటారు, తిట్లు కలిపి.

వాగు ఒడ్డున వాన తగలని చరియ ఒకటుంది. దాన్ని పాదాల బండ అంటారు. ఆటలు ముగిసిన మర్నాడు ఆ బండగోడకి తడి బంకమట్టి మెత్తుతారు. ఆ మట్టిలో పాదం ముద్ర వెయ్యడానికి ఆట మానేసిన నడిమివాళ్లలో ఒక్కరిని పెద్దలు ఎంచుతారు. పెద్దల్లో ముఖ్యుడు ఆ మట్టిలో చెయ్యి పెట్టి, తన కళ్లతో చూసిన ఒక ఆట చెప్పి, "ఆ ఆట ఆడినవారిదే ఈ పాదం" అనాలి. మట్టిలో చెయ్యి పెట్టి అన్నమాట వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆట మానేసి ఐదు వేసవులు దాటినవాళ్ల పేరు ఇక ఎవరూ ఎత్తరు.

గాడిద బూదెమ్మకి అది ఐదో వేసవి.

పదకొండేళ్లు నడిమిలో ఆడింది బూదెమ్మ. మైదానానికి వీపు పెట్టి నిలబడేది. మెడ మాత్రం తిప్పి చూసేది. బంతి రాగానే వెనక కాళ్లు రెండూ లేచేవి, అంతే, బంతి కావలసినచోట పడేది. ఇప్పుడు మోకాళ్లు వాచి, నడకే కష్టంగా ఉంది. పాదం పడినా పడకపోయినా, బండకి మట్టి మోసేది మాత్రం ఆవిడే. గాడిద కదా, మోస్తుందిలే అన్నారు. నాలుగు వేసవులు, నలుగురి పాదాలకి, వాగు మలుపు నుంచి తన వీపు మీద మట్టి మోసింది. ఆ నలుగురిలో ఇద్దరు ఆవిడ చేతిలో చిత్తుగా ఓడినవాళ్లే. ఈ ఐదోసారీ మట్టి బుట్టలు ఆవిడే తెచ్చి దించింది.

ఎంచే పెద్దలు ముగ్గురు. ముఖ్యుడు నక్క పుల్లయ్య. పక్కన నెమలి సింగారయ్య, తాబేలు తాత.

"మాట పొడిగించడం ఎందుకు? ఈ ఏడు కొండముచ్చు రాజన్న పాదం," అన్నాడు పుల్లయ్య.

రాజన్న అప్పటికే కాలు కడుక్కుని కూర్చున్నాడు. నేరేడు కాసినప్పుడు కొమ్మలు ఊపి పళ్లు రాల్చేది రాజన్న. పుల్లయ్యకి నేరేడు పళ్లంటే ప్రాణం, చెట్టెక్కడం మాత్రం రాదు. ఇది అడవిలో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ నోరు తెరవలేదు.

ఒక్క కుందేలు దూదయ్య ముందుకు ఉరికాడు. బూదెమ్మ వేసిన బంతులు పట్టి పరుగెత్తినవాడు వాడే. ఆ పరుగుల్లో ఒక చెవి సగం పోయింది.

"పెద్దలూ! మా అక్క గెలిచినన్ని ఆటలు రాజన్న గెలిచాడా?"

"ఒరేయ్, గెలిచింది జట్టురా. ఏడుగురు ఆడితే ఒకరి గొప్పేంటి?" అన్నాడు పుల్లయ్య.

"మరి రాజన్న గెలిచినప్పుడు అది రాజన్న గొప్ప ఎలా అయింది?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"అలా వేరు. పెద్దవాళ్లతో వాదించకు."

"పోనీ, దూరం చూడండి. గట్టు నుంచి గట్టు దాకా అక్క తప్ప ఇంకెవరు వేశారు?"

"దూరానికేం, గాలివాటు ఉంటే గుడ్లగూబ కూడా వేస్తుంది. నిలకడ ముఖ్యం."

"పదకొండేళ్లు ఆడింది! రాజన్న నాలుగేళ్లు!"

"అదే మరి! నాలుగేళ్లలో చెయ్యలేనిదాన్ని పదకొండేళ్లు ఈడ్చిందన్నమాట."

నెమలి సింగారయ్య పింఛం సర్దుకుంటూ గొంతు సవరించాడు. "నన్నడిగితే, ఆ నిలబడే తీరే బాలేదయ్యా. చూసేవాళ్లకి వీపు పెట్టి ఆడటమేంటి? రాజన్న చెయ్యెత్తితే చూడముచ్చటగా ఉంటుంది."

"చూడముచ్చటా!" దూదయ్య గొంతు కీచుమంది. "ఎగబడి వస్తున్న అవతలి జట్టు అడవిపందుల ముందు నిలబడి బంతి వేసిందయ్యా ఆవిడ! పక్కటెముక విరిగితే మర్నాడు వచ్చి ఆడింది! నీకు చూడముచ్చట కావాలా?"

పుల్లయ్య పళ్లు బయటపెట్టి నవ్వాడు. "ఎందుకురా అంత ఆవేశం? మీ అక్కకి మేం లోటు చేశామా? ఏటా మట్టి మోసే గౌరవం ఇస్తూనే ఉన్నాం కదా."

గుంపులో కొందరు నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో బూదెమ్మ వేసిన బంతితో గెలిచి, ఆ సాయంత్రం గంతులేసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీదే ఈ కథ చెప్పే నాకు ఎక్కువ మంట.

దూదయ్య పుల్లయ్య మీదికి ఉరకబోయాడు. బూదెమ్మ కాలు అడ్డం పెట్టింది.

"ఉండరా. నువ్వు కొడితే, చూశారా వీళ్ల బుద్ధి అని మనల్నే అంటారు."

తర్వాత పుల్లయ్య వైపు తిరిగింది. గొంతు చల్లగానే ఉంది. చెవులు మాత్రం వెనక్కి అతుక్కుపోయి ఉన్నాయి. గాడిద చెవులు అలా ఉన్నప్పుడు దగ్గరికి పోకూడదని మలుపు దగ్గర నీళ్లు తాగే పిల్లలకి కూడా తెలుసు. పుల్లయ్యకి తెలియదు. ఆయన ఎన్నడూ ఆట దగ్గరికి వస్తే కదా! ఇసుకలో బంతి లేచిన ప్రతి రోజూ ఆయన మలుపు అవతల ఎండ్రకాయల బొరియల దగ్గరే ఉండేవాడు. ఆట మానేశాక, ఆటల రోజుల్లోనే మట్టి తవ్వి పెట్టడానికి అటు వెళ్లే బూదెమ్మ ఒక్కతే అది చూసింది.

"పుల్లయ్యగారూ, నా సంగతి వదిలెయ్యండి. ఎండెక్కుతోంది, మోసుకొచ్చిన మట్టి ఆరిపోతుంది. మీరు చూసిన ఆట చెప్పి పని కానివ్వండి."

పుల్లయ్య మట్టిలో చెయ్యి పెట్టాడు. నోరు తెరిచాడు. మూశాడు. "ఆ... ఏ ఆట చెప్పమంటావ్? రాజన్నవి ఒకటా రెండా!"

"మీ ఇష్టం. దుమ్ముగాలి లేచిన చివరాట ఉంది కదా, జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అది చూసే ఉంటారు."

"చూడకేం! ముందు వరసలో కూర్చున్నాను!" పుల్లయ్యకి ఊపిరి అందింది. "ఓహో, ఏం దుమ్మయ్యా అది! కళ్లల్లో ఇసుక. ఓడిపోయామనే అనుకున్నారంతా. అప్పుడు పడింది బంతి! గట్టు నుంచి గట్టుకి! అలాంటి బంతి మళ్లీ ఈ వాగులో పడలేదు, పడదు. నా ఈ కళ్లతో చూశాను. ఆ ఆట ఆడినవారిదే ఈ పాదం!"

గుంపులో తలలన్నీ బూదెమ్మ వైపు తిరిగాయి.

"పెద్దాయనా, ఆ బంతి ఏ చేత్తో పడింది?" అన్నాడు దూదయ్య మెల్లిగా.

"కుడి చేత్తోరా! రాజన్నది కుడిచేతి వాటం కదా."

తాబేలు తాత ఇప్పుడు మెడ బయటికి చాచాడు. "రాజన్నా, ఆ దుమ్ముగాలి రోజు నువ్వు ఎక్కడున్నావురా?"

రాజన్న తల గోక్కున్నాడు. "తోక విరిగి చెట్టు మీద పడుకున్నాను తాతా. ఆ ఏడు నేను ఆడనే లేదు. అది... బూదెమ్మ ఆట."

"అంటే నేను చెప్పింది..." పుల్లయ్య చెయ్యి లాక్కోబోయాడు.

"మట్టిలో చెయ్యి ఉండగా అన్నావు," అన్నాడు తాత. "ముందు వరసలో కూర్చుని చూశానన్నావు. వెనక కాళ్లకీ కుడిచేతికీ తేడా తెలియకుండా చూశావన్నమాట. ఎన్నాళ్లు చూశావయ్యా ఇలా? ఆ నలుగురి పాదాలూ ఇలాగే వేయించావా?"

ఇందాక నవ్వినవాళ్లు తల దించుకున్నారు. నెమలి పింఛం ముడుచుకుంది.

బూదెమ్మ కుంటుకుంటూ బండ దగ్గరికి నడిచింది. "ముందు కాలు పెట్టమ్మా, అందరూ అలాగే పెట్టారు," అన్నాడు నెమలి, అలవాటు పోక.

"అందరూ ముందు కాళ్లతో ఆడారు," అంది బూదెమ్మ.

బండకి వీపు పెట్టింది. మెడ మాత్రం తిప్పి చూసుకుంది. ఆ తర్వాత వెనక కాళ్లు రెండూ లేచాయి. ఐదు వేసవులు మింగిన కోపమంతా ఆ తన్నులో ఉంది. మట్టి పిడికెళ్లుగా లేచి పుల్లయ్య మొహం నిండా పడింది. బండ మీద రెండు గిట్టలు లోతుగా దిగాయి, పక్కన నక్క చెయ్యి ముద్ర కూడా అలాగే ఉండిపోయింది, చూడని ఆటకి సాక్ష్యంగా.

మరుసటి వేసవి నుంచి పాదాల బండకి మట్టి మోసే బుట్టలు పుల్లయ్య వీపు మీదికి వచ్చాయి. మలుపు నుంచి బండ దాకా, ఎండలో, నాలిక బయటపెట్టుకుని.

ఆట చూడకుండా తీర్పు చెప్పేవాడు, చివరికి ఆడినవాళ్ల పాదాలకి మట్టి మోస్తాడు.